ఆ జిమ్‌లో ఎవరూ పడరు

బోర్డు ఆఫీసు నుంచి ఫోను వచ్చేసరికి నేను డాబా మీద మా ఆయన చేతిపట్టీలు ఆరేస్తున్నాను. బాక్సర్లు గ్లోవ్స్ తొడుక్కునే ముందు పిడికిళ్ళకు చుట్టుకునే గుడ్డపట్టీలవి. విప్పితే డాబా ఈ చివర నుంచి ఆ చివరిదాకా వస్తాయి. మా పెళ్ళయి రెండు నెలలు కూడా కాలేదు. వాటిని ఉతికి, ఆరేసి, మళ్ళీ గట్టిగా ఉండలు చుట్టిపెట్టడం ఇంట్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. ఎంత ఉతికినా వాటి చెమట వాసన పూర్తిగా పోదు. పోకపోతేనే బాగుందని నేను ఎవరికీ చెప్పలేదు.

కింద కుట్టుమిషను చప్పుడు ఠక్కున ఆగిపోయింది. ఇల్లంటుకున్నా చేతిలో ఉన్న కుట్టు పూర్తిచేసిగానీ లేవని మనిషి మా అత్తయ్య. ఏదో అయిందని గబగబా మెట్లు దిగాను. మా ఆయన ఫోను చేతిలో పట్టుకుని గది మధ్యలో నిలబడి ఉన్నాడు.

"వచ్చింది. లైసెన్సూ వచ్చింది, ఆదివారం పోటీకి అనుమతీ వచ్చింది," అన్నాడు.

అత్తయ్య ఎదురుగా ఉంటే నేను తనని 'మీరు' అంటాను. తలుపు మూస్తే 'నువ్వు'. ఆ సంతోషంలో తలుపు సంగతి గుర్తులేక, నువ్వు నన్ను ఆటపట్టించట్లేదు కదా అని అడిగేశాను. అత్తయ్య ఏమీ విననట్టు సూదిలో దారం ఎక్కించుకుంది. దారం ముందే ఎక్కించి ఉందని ముగ్గురికీ తెలుసు. తను నన్ను అమాంతం ఎత్తి తిప్పాడు. నా చేతిలో మిగిలిన తడిపట్టీ ఇద్దరికీ చుట్టుకుపోయింది.

ఆ లైసెన్సు తనకి ఏమిటో చెప్పాలి. ఇదివరకు ఈ ఆటకి చట్టం లేదు. గోడౌన్లలో పోటీలు పెట్టేవాళ్ళు. ఎవడు పోటీ పెడితే వాడి బామ్మర్దే రిఫరీ. డాక్టరు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఒకతను రింగులోనే ప్రాణం పోగొట్టుకున్నాక చట్టం వచ్చింది, బోర్డు వచ్చింది. లైసెన్సు లేనివాడు రింగెక్కితే నేరం. డాక్టరు పరీక్ష చేయకుండా లైసెన్సు లేదు. గుమ్మంలో అంబులెన్సు లేకుండా గంట మోగదు. తలకి దెబ్బ తగిలి పడిపోయినవాడు, అది పోటీలోగానీ ప్రాక్టీసులోగానీ, మూడు నెలలు ఎవరితోనూ తలపడకూడదు. తర్వాత మెదడు స్కానింగు బాగుంటేనే మళ్ళీ గ్లోవ్స్ తొడగాలి. దాచిపెడితే లైసెన్సు రద్దు.

ఇవన్నీ నాకు ఎలా తెలుసంటే, బోర్డు ఇచ్చిన నిబంధనల పుస్తకం నేనే తనకి చదివి వినిపించాను. కొత్తగా పెళ్ళయినవాళ్ళు పక్కపక్కన పడుకుని చట్టం చదువుకోవడం ఎక్కడైనా ఉందా అంటే, మా ఇంట్లో ఉంది. అందులో బాక్సరు అనే మాటే లేదు. అంతటా 'ముష్టియోధుడు' అని రాశారు. ముష్టి అంటే పిడికిలని నేను కాలేజీ చదువంతా ఉపయోగించి చెప్పినా అత్తయ్య ఒప్పుకోలేదు. నా కొడుకు కొట్టి సంపాదించుకుంటాడుగానీ ముష్టెత్తుకోడు, ఆ మాట కొట్టేయమని మీ బోర్డుకి రాయమంది. ఆ రోజు నుంచి తను అన్నానికి కూర్చోగానే, ముష్టియోధుడికి కాస్త కూర పడేయండమ్మా అని పళ్ళెం చాపడం మొదలుపెట్టాడు.

చట్టం వచ్చాక తను రింగుకి దూరమయ్యాడు. గోడౌన్లలో ఆడినవాళ్ళందరూ ఏడాది ఖాళీగా ఉండి, కొత్తగా పరీక్షకి రావాలన్నారు. ఆ ఏడాదంతా టైర్ల షాపులో చక్రాలు విప్పుతూ, సాయంత్రాలు జిమ్‌లో ప్రాక్టీసు చేసుకుంటూ గడిపాడు. ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే టైర్ల షాపు అని చెప్పి తల దించుకునేవాడు. ఇప్పుడు ఫోను పట్టుకుని తనకి తెలిసినవాళ్ళందరికీ, నేను బాక్సర్ని, అని చెప్తున్నాడు. వాళ్ళకది ఎప్పటినుంచో తెలుసు. అయినా చెప్తున్నాడు.

అన్నాల దగ్గర డాక్టరు పరీక్ష కథ మళ్ళీ చెప్పించుకున్నాం. బోర్డు డాక్టరు పెద్దావిడ. ఒంటికాలి మీద నిలబెట్టింది, కళ్ళు మూసి ముక్కు ముట్టుకోమంది, నెలల పేర్లు వెనకనుంచి చెప్పమంది. ఆ నెలల ఆట మేమిద్దరం వారంపాటు ఆడాం. షాపుకి నడిచెళ్తూ నేను డిసెంబరు అంటే తను నవంబరు అనాలి. తప్పితే నా సంచి తను మోయాలి. తనే చాలాసార్లు మోశాడు. చివరికి, తలకి దెబ్బ తగిలి ఎప్పుడైనా పడిపోయావా అని డాక్టరమ్మ అడిగిందట. ఎప్పుడూ పడలేదండీ అన్నాడట. మాస్టారికి ఫోను చేసి అడిగితే ఆయనా అదే చెప్పారట.

"మా జిమ్‌లో ఎవరూ పడరండీ అన్నాను. ఆవిడ కళ్ళజోడు పైకి జరుపుకుని చూసింది," అన్నాడు గర్వంగా. నాకూ గర్వంగానే అనిపించింది.

సాయంత్రం స్వీట్ల డబ్బా పట్టుకుని జిమ్‌కి వెళ్ళాం. అది ఒకప్పటి ప్రింటింగు ప్రెస్సు షెడ్డు. గచ్చు మీద సిరా మరకలు ఇంకా ఉన్నాయి. వేలాడే బస్తాలకి చిరిగిన చోటల్లా టేపు చుట్టి ఉంటుంది. మాస్టారు ఒకప్పుడు పెద్ద పేరున్న బాక్సరు. ఇప్పుడు ఆయనకి నాలుక మందం. మాటకీ మాటకీ మధ్య ఇంత ఎడం ఉంటుంది. ఆయన 'గంట కొట్టండి' అని పూర్తిచేసేలోపు రౌండు అయిపోతుందని అక్కడివాళ్ళు ఆయన ఎదురుగానే అంటారు, ఆయనా నవ్వుతారు.

తనతో రోజూ ప్రాక్టీసు చేసే ఆయన్ని అందరూ గోడ అంటారు. మనిషి నిజంగా గోడలాగే ఉంటాడు, కూరగాయల బండి దగ్గర బేరమాడ్డానికి కూడా సిగ్గుపడతాడు. మా ఆయన్ని మాత్రం చీమ అంటారు, కుట్టి పారిపోతాడని. నేను స్వీటు ఇస్తే గోడ తీసుకుని, నోట్లో పెట్టుకోకుండానే నవ్వాడు.

"మొన్న నా ముందు హాయిగా కూర్చున్న మనిషి ఇవ్వాళ లైసెన్సు తెచ్చాడు చెల్లెమ్మా. ఆ బోర్డువాళ్ళకి చూపు ఆనుతున్నట్టు లేదు, మీ కళ్ళజోళ్ళ షాపుకి రమ్మను."

నేను పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో. బాగా నవ్వొచ్చింది. కూర్చోవడం ఏంటన్నయ్యా, ప్రాక్టీసు మధ్యలో అలసిపోయాడా అని అడిగాను.

నేను కొత్తదాన్ని కదా, మర్యాదగా వివరించాడు. ఈ జిమ్‌లో 'పడ్డాడు' అనే మాట అనకూడదు. అది మాస్టారు పెట్టిన ఆచారం. అన్నవాడు తాడాట ఆడలేక చచ్చేదాకా ఆడాలి. స్ట్రెచరు మీద మోసుకెళ్తేనే పడ్డట్టు. తనంతట తను లేస్తే, ఎంతసేపటికి లేచినా సరే, కూర్చున్నట్టు. అలా అనుకుంటే మనిషి ధైర్యం పోదని మాస్టారు చెప్తారు. ఆ మొన్న తను బాగానే కూర్చున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయిగానీ పిలిస్తే పలకలేదు. గోడ పరిగెత్తి బకెట్టుతో నీళ్ళు తెచ్చాడు.

"బయట కుళాయి దగ్గర లైనుంది చెల్లెమ్మా, అందుకే కాస్త ఆలస్యమైంది. నేను వచ్చేసరికి కూడా అలాగే ఉన్నాడు. నీళ్ళు కొట్టాక లేచి, ఇవ్వాళ ఏం వారం అన్నాడు. మీ పెళ్ళికి ముందు వారం కూడా ఇలాగే కూర్చున్నాడు. పెళ్ళి కంగారని అందరం ఏడిపించాం."

నవ్వుముఖం అలాగే పెట్టుకుని నిలబడిపోయాను. స్వీట్ల డబ్బా ఇంకెవరికో అందించాను. రింగు పక్కన తను ఎవరికో బోర్డువాళ్ళ ఫోను మాటలు అనుకరించి చూపిస్తున్నాడు, చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వుతున్నారు.

మేము మొదట కలుసుకున్నది మా షాపులోనే, తను అత్తయ్యకి అద్దాలు మార్పించడానికి వచ్చినప్పుడు. ఆ కథ ఒక్కోసారి ఒకే సాయంత్రం రెండుసార్లు చెప్తాడు. ఎంత చెప్పుకున్నా తనివితీరడం లేదని మురిసిపోయాను. నన్ను చూస్తూ నీళ్ళు గ్లాసు పక్కన పోశాడు, ఒకసారి కాదు. నాలుగు అడుగుల దూరంలో ఉన్న సందు మొదట్లోంచి ఫోను చేసి, ఇల్లు ఎటు, వచ్చి తీసుకెళ్ళు అన్నాడు. నాతో నడవడానికి సాకనుకుని చెప్పులేసుకుని పరిగెత్తాను. సెలవురోజు మిట్టమధ్యాహ్నం పరదాలు మూసేసి, వెలుతురు వద్దని నా ఒళ్ళో తల దాచుకున్నాడు. ఆ పూటంతా కదలకుండా కూర్చున్నాను, కాళ్ళు తిమ్మిరెక్కినా. షాపులో అక్షరాల బోర్డు ముందు నిలబడి, చివరి వరస రెండుసార్లు రాశారేంటి అని అడిగాడు. నన్ను నవ్వించడానికే అనుకున్నాను. నవ్వాను కూడా.

ఈ రెండు నెలల్లో నాకు ముద్దొచ్చినవన్నీ ఇవే. వీటిలో నాకోసం చేసింది ఏదైనా ఒక్కటి ఉందా అని వెతుక్కుంటూ అక్కడ నిలబడ్డాను. దొరకలేదు.

ఇంటికి వస్తూ దారిలో అడిగాను. తను దాచలేదు. కూర్చున్నాను, అయితే ఏంటి అన్నాడు. డాక్టరమ్మకి అబద్ధం ఎందుకు చెప్పావని అడిగితే నిజంగానే ఆశ్చర్యపోయాడు. పడ్డావా అని అడిగింది, పడలేదని చెప్పాను, ఇందులో అబద్ధమేముంది అన్నాడు. నేను పుస్తకంలో రాసింది గుర్తుచేశాను. స్ట్రెచరు సంగతి అందులో ఎక్కడా లేదన్నాను. చట్టం మాట వేరు, జిమ్ మాట వేరు అన్నాడు. నీ తల ఒక్కటే కదా అన్నాను. అప్పటిదాకా నా చెయ్యి పట్టుకుని నడుస్తున్నవాడు వదిలేశాడు.

"చెప్తావా వెళ్ళి? చెప్పు. మూడు నెలలు కాదు, స్కానింగులో ఏదో చూసి ఈ జన్మకి వద్దంటారు. అప్పుడు గోడౌనుకి పోతాను. అక్కడ ఇంకా ఆడిస్తున్నారు, చాటుగా. అక్కడ ఎవరూ ఏమీ అడగరు. అదే నీకు కావాలంటే వెళ్ళి చెప్పు."

తను కోపంలో అన్నమాట వెనక్కి తీసుకునే మనిషి కాదు. చెప్పకపోతే ఆదివారం రింగులో ఏమవుతుందో నాకు తెలుసు. చెప్తే, అంబులెన్సూ డాక్టరూ లేని చోట అదే అవుతుంది. ఇంటికి చేరేదాకా తను నాకంటే రెండడుగులు ముందే నడిచాడు. అత్తయ్య కొత్తజంట అలకలనుకుని, నాకు వినపడేలా చిన్నగా నవ్వుకుంది.

శుక్రవారం పొద్దున షాపుకి వెళ్ళేముందు మాస్టారి దగ్గరికి వెళ్ళాను. షెడ్డులో ఒక్కరే గచ్చు ఊడుస్తున్నారు. ఇంకెవరూ చెప్పక్కర్లేదు మాస్టారూ, మీరు ఒక్కమాట బోర్డుకి ఫోను చేసి పడ్డాడని చెప్పండి, మీ మాటైతే తను కాదనడు, గోడౌనుకీ పోడు అని బతిమాలాను. ఆయన చీపురు మూలన పెట్టి స్టూలు మీద కూర్చున్నారు. 'కూర్చున్నాడు' అనే మాట పెట్టింది పిల్లల మంచికేనని చెప్పారు. పడ్డానని ఒక్కసారి అనుకున్నవాడు మళ్ళీ రింగులో నిలబడడట. చెప్పడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో ఒక మాట కోసం వెతుక్కున్నారు, అది దొరకలేదు, చేత్తో గాలిలో ఏదో చూపించి వదిలేశారు. నిన్నటిదాకా నాకూ నవ్వొచ్చే ఆలస్యమే అది. ఆ స్టూలు మీద ముప్ఫయ్యేళ్ళ తర్వాతి మా ఆయన్ని చూశాను.

మీరు ఎన్నిసార్లు కూర్చున్నారు మాస్టారూ అని అడిగాను. అడగకూడనిదే.

"నన్నెవరూ అడగలేదమ్మా," అన్నారు. చాలాసేపటికి మిగతాది వచ్చింది. "అడిగినా... నేనూ కూర్చున్నాననే చెప్పేవాణ్ణి."

ఫోను మాత్రం చేయనన్నారు. చేస్తే రేపటి నుంచి ఈ జిమ్‌లో ఏ పిల్లాడూ ఆయన్ని నమ్మడట.

షాపులో ఆ రోజు ఒకాయన కళ్ళు చూస్తూ, ఇది బాగుందా, ఇది బాగుందా అని అద్దాలు మార్చి మార్చి అడుగుతున్నాను. ఆయన ఏం చెప్పాడో వినలేదు. మళ్ళీ అడిగాను. మూడోసారి ఆయనే, అమ్మా నువ్వు బాగున్నావా అని అడిగాడు. వెనకగదిలోకి వెళ్ళి బోర్డు నంబరుకి ఫోను చేశాను. ఎవరండీ, ఏ బాక్సరు తాలూకు అని అవతల గుమాస్తా మర్యాదగా అడిగాడు. నేను చీమ భార్యనండీ అని రాబోయి ఆగిపోయింది. పెట్టేశాను. మళ్ళీ చేశాను, మళ్ళీ పెట్టేశాను. మూడోసారి చేసి, గుమాస్తా హలో అనేలోపే పెట్టేశాను. ఇన్ని మాటలు చదువుకున్నదాన్ని, ఒక్క వాక్యం చెప్పలేకపోయాను. చెప్తే తను పోతాడు. చెప్పకపోయినా తను పోతాడు. ఈ రెంటిలో దేన్ని ప్రేమ అంటారో ఎవరైనా చెప్తే బాగుండనిపించింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అత్తయ్య రింగులోకి వేసుకెళ్ళే కోటు పూర్తిచేసి తలుపుకి తగిలించింది. ఎర్రటి నిగనిగలాడే గుడ్డ, వెనకాల నల్లదారంతో చీమబొమ్మ. చీమకి ఆరు కాళ్ళూ పెట్టాను, లెక్కపెట్టుకో, అంది. దాన్ని చూస్తూ నిలబడలేకపోయాను. గోడ చెప్పింది, నేను చూసింది, అన్నీ చెప్పేశాను. నీళ్ళ సంగతి, సందు సంగతి.

అత్తయ్య కళ్ళజోడు తీసి మిషను మీద పెట్టింది.

"చెప్పులు ఫ్రిజ్జులో పెట్టాడమ్మా ఒకరోజు. నీ మీద మోజులో ఒళ్ళు తెలియట్లేదనుకున్నాను. పక్కింటావిడకి చెప్పుకుని నవ్వాను."

కోటు మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేసింది.

తను వచ్చాడు. శనివారం బోర్డువాళ్ళు బరువు చూసే తూకం ఉంది కాబట్టి రెండురోజులుగా సరిగ్గా తినడంలేదు, బుగ్గలు లోపలికి పోయాయి. కోటు చూసి ముఖం వెలిగిపోయింది. నాతో కోపంగా ఉన్న సంగతి కూడా మర్చిపోయి తొడుక్కుని వెనక్కి తిరిగి, ఎలా ఉంది అన్నాడు. అంత అందంగా తనని నేను ఎప్పుడూ చూడలేదు. ఒక్కక్షణం నోరు మూసుకుందామనే అనుకున్నాను, ఆదివారం దాకా, ఆ కోటు ఒక్కసారి రింగు దాకా వెళ్ళివచ్చేదాకా.

తలుపు పక్కన మా పెళ్ళిఫొటో వేలాడుతోంది. అందులో నేను కళ్ళు మూసుకుపోయేంత నవ్వుతున్నాను. ఆ రోజు ఫొటోలన్నిట్లో అంతే. ఎందుకంటే ఫొటోగ్రాఫరు సర్దుతుండగా తను నా చెవిలో, కొత్తబూట్లు కరుస్తున్నాయి, వీళ్ళంతా ఎప్పుడు పోతారు అన్నాడు. అంత గంభీరంగా ముఖం పెట్టి అన్నాడు. ఆ తర్వాత ఎవరు వచ్చి దీవించినా నా చూపు వాళ్ళ భుజాల మీదుగా ఆ బూట్లకేసే పోయింది.

"ఆ ఫొటోలో నేనెందుకు నవ్వుతున్నానో చెప్పు. నువ్వు నా చెవిలో ఏమన్నావో చెప్పు. చెప్తే ఇంక నేను నోరెత్తను, ఆదివారం నేనే వచ్చి ముందువరసలో కూర్చుంటాను," అన్నాను. అత్తయ్య ఎదురుగానే 'నువ్వు' అన్నాను.

తను ఫొటోకేసి చూశాడు. ముందు నవ్వబోయాడు. తర్వాత అత్తయ్యకేసి చూశాడు, చిన్నప్పుడు బళ్ళో జవాబు రాకపోతే ఎలా చూసేవాడో అలాగే చూసి ఉంటాడు, ఎందుకంటే ఆవిడ ముఖం తిప్పేసుకుంది. కోటు బొత్తాం ఒకటి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. కాసేపటికి మంచం అంచు మీద కూర్చున్నాడు.

"పెళ్ళిరోజు నాకు ఈ ఫొటోల్లో ఉన్నంతే గుర్తు," అన్నాడు. "మిగతాది లేదు. అడిగితే నువ్వు బాధపడతావని అడగలేదు." ఆగి, "ఏమన్నాను?" అని అడిగాడు.

చెప్పలేకపోయాను. బూట్లు అని నోటిదాకా వచ్చింది. చెప్తే, రేపటి నుంచి అది తనకి గుర్తున్నట్టే ఉంటుంది. నేను చెప్పిందే తను నాకు తిరిగి చెప్తాడు, నేను మురిసిపోతాను. తన జీవితంలో ఇక నాకు మాత్రమే గుర్తున్నది ఒకటుందని అప్పుడే అర్థమై, భయమేసింది.

వెళ్ళి పక్కన కూర్చున్నాను. తన చేతులు రెండూ నా చేతుల్లోకి తీసుకున్నాను. వేళ్ళ కణుపుల దగ్గర టైర్ల మసి ఇంకా వదల్లేదు. గోడౌనుకి పోతానన్న మాట తను వెనక్కి తీసుకోలేదు, నేనూ తీసుకోమని అడగలేదు. అత్తయ్య లేచి కిటికీ పరదా సగం మూసి, వెలుతురు తన కళ్ళలో పడకుండా చేసింది. నిన్నటిదాకా ఆవిడే ఆ పరదా తెరిచి, పట్టపగలు ఈ చీకటేంటని నన్ను ఏడిపించేది.

"రేపు తూకం కంటే ముందే బయల్దేరదాం," అన్నాను. "నువ్వు, నేను, అత్తయ్య. నేరుగా డాక్టరమ్మ గదికి వెళ్తాం. గోడని కూడా రమ్మని నేనే అడుగుతాను, ఎలా జరిగిందో చూసినవాడు అతనే కదా. నువ్వు చెప్పగలిగినంత నువ్వు చెప్పు, గుర్తులేనిది మేము చెప్తాం. స్కానింగు ఎప్పుడంటే అప్పుడు చేయించుకుందాం. తర్వాత గోడౌనుకే పోతానంటే, అది కూడా ఆవిడ ఎదురుగానే అను. పొద్దున్నే లేపుతాను."